బరువు లాగే బండి: అమెరికా డీజిలు పికప్పు కథ

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన మన సభ్యులకు అక్కడి రోడ్ల మీద ఒక రకం వాహనం తప్పక కంటబడి ఉంటుంది. ముందు కారులాగా అయిదుగురు కూర్చునే క్యాబిను, వెనక పైకప్పు లేని తొట్టి, ఆ తొట్టికి తగిలించిన మరో బండి. ఆ వెనక బండిలో గుర్రాలు ఉండవచ్చు, పశువులు ఉండవచ్చు, పడవ ఉండవచ్చు. ఒక్కొక్కప్పుడు వంటగది, పడకగది, స్నానాలగదితో సహా ఒక ఇల్లే ఉండవచ్చు. మన ఆరు చక్రాల లారీ మోసేటంత బరువును అక్కడ ఒక గృహస్థు, సెలవునాడు, ఇంటిముందు నిలుపుకొనే సొంత బండితో లాగుకుపోతుంటాడు. దానినే వారు హెవీ డ్యూటీ డీజిలు పికప్పు ట్రక్కు అంటారు.

ఇంత బరువు లాగే బండిని ఎలా ఎంచుకోవాలి అన్న ప్రశ్నకు గత 45 ఏళ్ళలో అమెరికన్లు చెప్పుకున్న సమాధానం నాలుగుసార్లు మారింది. మొదట మైలేజి చూడమన్నారు. తరువాత ఇంజను చూడమన్నారు. ఆ పిమ్మట గేరుబాక్సు అన్నారు. చివరకు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే అంకె చూడమన్నారు. ఈ చరిత్రనంతా వరుసగా పెట్టి చూస్తే తేలే సంగతి ఒక్కటే. బండిని లాగేది ఇంజనే, కాని ఎంత లాగవచ్చునో నిర్ణయించేది ఇంజను కాదు. జీవితంలో ఎక్కువ భాగం వాహనాల మధ్య గడిపిన మన సభ్యులకు ఇది కొత్త మాట కాకపోవచ్చు. అయితే ఒక సంపన్న దేశం ఈ మాటను ఎంత ఖర్చుపెట్టి నేర్చుకున్నదో తెలుసుకోవడం ఆసక్తికరంగా ఉంటుంది.

పేర్లు, తరగతులు

ముందుగా పేర్ల సంగతి. అమెరికా పికప్పులను అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని మూడు తరగతులుగా చెప్పడం పాత అలవాటు. ఒకప్పుడు తొట్టిలో అంత బరువు వేయవచ్చునని ఆ పేర్లకు అర్థం. ఈనాడు ఆ బండ్లు అంతకు ఎన్నో రెట్లు మోస్తున్నా పేర్లు మాత్రం నిలిచిపోయాయి. ఫోర్డు కంపెనీ వాటిని 150, 250, 350 అంకెలతోను, షెవర్లే, రామ్ కంపెనీలు 1500, 2500, 3500 అంకెలతోను పిలుస్తాయి. వీటిలో చివరి రెండు తరగతులే హెవీ డ్యూటీ. 350, 3500 తరగతుల్లో కొన్నిటికి వెనక ఇరుసు మీద ఒక్కొక్క ప్రక్క రెండేసి చక్రాలుంటాయి. మన లారీ వెనక చక్రాల వంటివే. వాటిని డ్యూయలీ అంటారు.

వెనక బండిని తగిలించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది, పికప్పు వెనక బంపరు క్రింద ఒక ఇనుప గుండు మీద తగిలించడం. రెండవది, తొట్టి మధ్యలో, సరిగ్గా వెనక ఇరుసు మీదుగా తగిలించడం. మన ట్రెయిలరు లారీలలో ముందు బండి మీద వెనక బండి కూర్చునే పద్ధతి ఇదే. బరువు పెరిగినకొద్దీ రెండవ పద్ధతే క్షేమం.

డీజిలు ఎందుకు?

పరుగుకు గుర్రం, బురదలో బండికి దున్నపోతు అని రైతుకు తెలుసు. పెట్రోలు ఇంజను ఎక్కువ చుట్లు తిరిగితేగాని తన పూర్తి బలం చూపదు. డీజిలు ఇంజను తక్కువ చుట్ల మీదనే చక్రాన్ని గట్టిగా తిప్పుతుంది. ఈ తిప్పుడు బలాన్నే టార్కు అంటారు. అమెరికాలో దీనిని పౌండు-అడుగులలో కొలుస్తారు. నిలిచి ఉన్న బరువును కదిలించడానికి, ఎత్తు ఎక్కడానికి అక్కరకు వచ్చేది ఈ టార్కే. గేరు మార్చకుండా ఘాటు ఎక్కిన డ్రైవరును అడిగితే దీని విలువ చెబుతాడు.

అమెరికాలో డీజిలును రోడ్డెక్కించిన వారిలో క్లెసీ కమిన్స్ ముఖ్యుడు. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో ఇర్విన్ అనే బ్యాంకరు ఇంట కారు డ్రైవరుగా, మెకానిక్కుగా పనిచేసిన ఈయన, ఆ యజమాని పెట్టుబడితోనే 1919లో ఇంజన్ల కంపెనీ స్థాపించాడు. 1929లో ప్యాకార్డ్ కారులో డీజిలు ఇంజను బిగించి స్వయంగా నడిపి చూపాడు. 1931లో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో ఆయన డీజిలు కారు ఎక్కడా ఆగకుండా చివరిదాకా పరుగెత్తింది. గెలవలేదు గాని, మధ్యలో ఇంధనం పోసుకోవడానికైనా ఆగకుండా పందెం పూర్తిచేసింది. అంతటితో డీజిలు పొదుపు లోకానికి తెలిసింది. అయినా తరువాత అర్ధశతాబ్దం పాటు అమెరికాలో డీజిలు అంటే పెద్ద లారీలు, ట్రాక్టర్లు, రైలింజన్లే. పెట్రోలు చవకగా దొరుకుతున్నంతకాలం పికప్పు కొనేవారికి దాని అవసరం కలుగలేదు.

తొలి చేదు అనుభవం

1973లో అరబ్బు దేశాల చమురు నిషేధంతో పరిస్థితి తారుమారైంది. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన అమెరికన్లకు మైలేజి అన్న మాట మొదటిసారిగా పట్టింది. ఆ సందర్భంలో జనరల్ మోటార్సు కంపెనీ 1978లో ఓల్డ్స్‌మొబీల్ విభాగం తయారుచేసిన 5.7 లీటర్ల డీజిలు ఇంజనును కార్లలోను, అర టన్ను పికప్పులలోను పెట్టి అమ్మింది. దాని బలం 120 హార్స్ పవర్.

ఆ ఇంజనుతో వచ్చిన చిక్కు మన గ్యారేజీవారికి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. డీజిలు సిలిండరులో ఒత్తిడి పెట్రోలు సిలిండరులోకంటె చాలా హెచ్చు. అందుకు తగినట్లు సిలిండరు హెడ్డును పట్టి ఉంచే బోల్టులు ఎక్కువ ఉండాలి, లావుగా ఉండాలి. కాని ఉన్న యంత్రసామగ్రితోనే తయారుచేయాలన్న పొదుపు కొద్దీ పెట్రోలు ఇంజనులో ఉన్న బోల్టుల అమరికనే ఉంచారు. దాంతో బోల్టులు సాగాయి, గ్యాస్కెట్లు పోయాయి, నీరు సిలిండరులోకి దిగింది. ఇంధనంలోని నీటిని వేరుచేసే పరికరం లేకపోవడంతో పంపులు, ఇంజెక్టర్లు తుప్పుపట్టాయి. కొన్నవారు కోర్టులకెక్కారు. 1985తో ఆ ఇంజను ఆగిపోయింది. అది మూటగట్టిన అపకీర్తి మాత్రం అమెరికాలో డీజిలు కార్లను చాలా ఏళ్ళు వెంటాడింది.

మైలేజి ఒక్కటే చూసి కొన్నవారు నేర్చుకున్న మొదటి పాఠం ఇది. పెట్రోలు ఇంజనుకు డీజిలు పోసినంత మాత్రాన అది డీజిలు ఇంజను కాదు.

1982, 1983

జనరల్ మోటార్సు ఆ పాఠాన్ని త్వరలోనే నేర్చుకుంది. తన డెట్రాయిట్ డీజిల్ విభాగం చేత డీజిలు కోసమే రూపొందించిన 6.2 లీటర్ల వి-8 ఇంజనును 1982 మోడలు పికప్పులలో పెట్టింది. అమెరికా సైన్యం వాడిన హమ్వీ వాహనాలకు కూడా ఇదే ఇంజను. బలం 130 హార్స్ పవర్, టార్కు 240 పౌండు-అడుగులు. పొదుపుకు మంచిదే గాని లాగుడుకు అంతగా చాలేది కాదు.

మరుసటి ఏడు, 1983 మోడలుతో ఫోర్డు రంగంలోకి దిగింది. ట్రాక్టర్లు, లారీల తయారీలో పేరుపడ్డ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఇంజనును తీసుకుంది. 6.9 లీటర్లు, 170 హార్స్ పవర్, 300కు పైబడిన టార్కు. హెవీ డ్యూటీ పికప్పు అంటే బరువు లాగే బండి అన్న భావన రైతులలో, కాంట్రాక్టర్లలో నాటుకున్నది దీనితోనే. 1988లో ఈ ఇంజను 7.3 లీటర్లకు పెరిగింది.

అయితే ఈ రెండు ఇంజన్లలోను ఇంధనం నేరుగా పిస్టను మీదికి కాక, ప్రక్కనున్న చిన్న గదిలోకి చిమ్మేది. చప్పుడు తగ్గుతుంది గాని, వేడి వృథా అయి బలం కొంత పోతుంది. అప్పటికి టర్బో ఛార్జరు కూడా కంపెనీ నుంచి బిగించి వచ్చేది కాదు.

1989: లారీ ఇంజను ఇంటి ముంగిటికి

డాడ్జి పికప్పులు ఆ రోజుల్లో అమ్మకాలలో బాగా వెనకబడి ఉండేవి. క్రైస్లర్ కంపెనీకి అందులో కొత్త మోడలు తయారుచేసే స్థోమత వెంటనే లేదు. అందువల్ల పాత బండిలోనే కమిన్స్ వారి 5.9 లీటర్ల బి-సిరీస్ ఇంజనును పెట్టి 1989లో విడుదల చేసింది. ఆ ఇంజను పికప్పు కోసం పుట్టింది కాదు. కమిన్స్, ట్రాక్టర్ల తయారీదారు జె.ఐ. కేస్ కంపెనీ కలిసి పొలం యంత్రాలకు, మధ్యతరహా లారీలకు పెట్టుకున్న ఇంజను అది.

ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండటం, క్రాంకు షాఫ్టుకు ఏడు మెయిన్ బేరింగులు, గొలుసో బెల్టో కాక గేర్లతోనే తిరిగే టైమింగు, నేరుగా పిస్టను మీదికి చిమ్మే ఇంధనం, కంపెనీయే బిగించిన టర్బో. ఇంజను ఒక్కటే సుమారు అర టన్ను తూగేది. 160 హార్స్ పవర్ అని కాగితం మీద చూసినవారికి అందులో గొప్పేమీ కనిపించలేదు. కాని టార్కు 400 పౌండు-అడుగులు. అదీ నిమిషానికి 1,700 చుట్ల లోపే. పాతకాలపు క్యాబిను, లారీలాంటి మోత ఉన్నా బరువు లాగేవారు ఆ బండి కోసం వరుస కట్టారు.

ఈ ఇంజనుకు మన దేశంతో దగ్గరి చుట్టరికం ఉంది. కమిన్స్ కంపెనీ 1962లోనే పుణేలో కిర్లోస్కర్ వారితో కలిసి ఇంజన్ల కంపెనీ పెట్టింది. 1993లో టాటా వారితో కలిసి జంషెడ్‌పూర్‌లో మరో కంపెనీ పెట్టింది. అక్కడ తయారైంది ఈ బి-సిరీస్ ఇంజనే. టాటా లారీలు, బస్సుల బానెట్ల క్రింద మన మెకానిక్కులు విప్పి బిగించిన ఆరు సిలిండర్ల కమిన్స్, టెక్సాస్ రైతు పికప్పులో ఉన్న కమిన్స్ ఒకే కుదురు నుంచి వచ్చినవి. అక్కడ పొలానికి గుర్రాలను తీసుకుపోయిన ఇంజను వంశమే ఇక్కడ అరవైమంది ప్రయాణికులను ఊరు చేర్చింది.

డాడ్జిని చూసి ఫోర్డు కూడా 1993లో కంపెనీ టర్బో ఇచ్చింది. 1994లో ఇంధనం నేరుగా చిమ్మే 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజనును తెచ్చింది. దాని టార్కు 425. ఇక అమెరికన్ల నోట ఇంజను చూసి బండి కొనాలన్న మాట సామెతగా స్థిరపడిపోయింది.

ఇంజను నిలిచింది, గేరుబాక్సు పోయింది

ఆ సామెత సగమే నిజమని త్వరలోనే తేలింది. డాడ్జిలో కమిన్స్ ఇంజను మూడు నాలుగు లక్షల మైళ్ళు నడిచిన బండ్లు అనేకం. కాని ఆ బలాన్ని చక్రాలకు చేర్చవలసిన ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్రోలు బండ్ల కాలంనాటి రకం. అది వేడెక్కేది, అరిగేది. ఈ బలహీనత కంపెనీకి తెలియకపోలేదు. 1996 మోడలులో చేతి గేర్ల బండికి 215 హార్స్ పవర్ ఇచ్చి, ఆటోమేటిక్ బండిలో అదే ఇంజనును 180కి తగ్గించి అమ్మడమే అందుకు సాక్ష్యం. అరిసెలు ఎన్ని వండినా తినగలిగినన్నే కదా లెక్క.

జనరల్ మోటార్సు ఈ సూక్ష్మం గ్రహించింది. జపాను ఇసుజు కంపెనీతో కలిసి ఒహాయో రాష్ట్రంలోని మొరెయిన్ పట్టణంలో కొత్త ఫ్యాక్టరీ పెట్టి, డ్యూరామాక్స్ అనే 6.6 లీటర్ల ఇంజను తయారుచేసింది. 2001 మోడలులో వచ్చిన ఆ ఇంజనుకు 300 హార్స్ పవర్, 520 టార్కు. దానికి జతగా లారీలకు, బస్సులకు ఆటోమేటిక్ గేరుబాక్సులు చేసే ఆలిసన్ వారి గేరుబాక్సు పెట్టింది. ఇంజనుకు తగిన గేరుబాక్సు జత కుదరడంతో, అంతవరకు డీజిలు పికప్పులలో వెనకబడిన కంపెనీ ఒక్కసారిగా ముందుకు వచ్చింది.

పొగ చట్టాలు వచ్చాక

2000 తరువాతి దశాబ్దం డీజిలుకు పరీక్షాకాలం. పొగ మీద అమెరికా ప్రభుత్వం నియమాలు బిగించింది. 2006లో డీజిలులో గంధకం పదిలక్షల పాళ్ళలో 500 నుంచి 15కు తగ్గింది. 2007 నుంచి సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. 2010 నియమాలతో యూరియా ద్రావణం చిమ్మి నత్రజని వాయువులను విరగగొట్టే పద్ధతి వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 అమలైనాక లారీలలో యూరియా ట్యాంకు కనిపిస్తున్నది కదా, దాని అన్నగారే అది.

ఈ మార్పులు తొందరలో వచ్చినప్పుడు కొందరు తట్టుకున్నారు, కొందరు తట్టుకోలేదు. ఫోర్డు 2003లో తెచ్చిన 6.0 లీటర్ల ఇంజను ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. పొగను చల్లార్చి మళ్ళీ ఇంజనులోకి పంపే కూలరు, ఆయిలు కూలరు, హెడ్డు గ్యాస్కెట్లు పోవడం సర్వసాధారణమైంది. వారంటీ ఖర్చు ఎవరు భరించాలన్న తగాదా ఫోర్డుకు, ఇంజను తయారుచేసిన నవిస్టార్‌కు మధ్య కోర్టుదాకా వెళ్ళి 2009లో రాజీ అయింది. ఆ పిమ్మట 2011 మోడలుకు ఫోర్డు సొంతంగా 6.7 లీటర్ల ఇంజను తయారుచేసుకుంది.

కొందరు యజమానులు ఈ పొగ పరికరాలను పీకివేయించారు. అది చట్టరీత్యా నేరం. కంపెనీలకు కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు. 2013 నుంచి 2023 వరకు రామ్ పికప్పులకిచ్చిన లక్షలాది ఇంజన్లలో పొగ నియంత్రణను తప్పించే సాఫ్టువేరు ఉన్నదని ప్రభుత్వం ఆరోపించింది. తప్పు ఒప్పుకోకుండానే కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు సిద్ధపడింది. 2024 జనవరిలో వివరాలు వెల్లడైన ఈ ఒప్పందం అమెరికా వాయు కాలుష్య చట్టం చరిత్రలోనే అప్పటికి అతి పెద్ద సివిల్ జరిమానా. అందువల్ల పాత డీజిలు పికప్పు కొనేవారు ఆ పరికరాలు యథాతథంగా ఉన్నాయా అని చూసుకోవడం ఈనాడు మొదటి జాగ్రత్త.

అంకెల పోటీ

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడని మన పెద్దల మాట. మూడు కంపెనీల మధ్య అంకెల పోటీ అలాగే నడిచింది. 2019లో రామ్ 1,000 పౌండు-అడుగుల టార్కు ప్రకటించింది. మరుసటి ఏడు మోడలులో ఫోర్డు 1,050 అన్నది. 2023 మోడలులో 1,200 అన్నది. 1982లో 240తో మొదలైన లెక్క 40 ఏళ్ళలో అయిదు రెట్లయింది. లాగే బరువు కూడా అంతే. 2019లో రామ్ 35,100 పౌండ్లు, అనగా సుమారు 15,900 కిలోలు. 2023లో ఫోర్డు 40,000 పౌండ్లు, అనగా 18 టన్నులు.

చాలాకాలం ఈ లాగుడు అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే తనకు నచ్చిన పద్ధతిలో లెక్కకట్టి ప్రకటించుకునేది. ఒక్కొక్కరిది ఒక్కొక్క కుంచం అయినప్పుడు ఎవరి ధాన్యం ఎక్కువో తేలేదెలా? ఈ చిక్కు తీర్చడానికి అక్కడి ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 2008లో జె-2807 అనే ప్రమాణం ప్రకటించింది. అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై పైకి పోయే 11 మైళ్ళకు పైగా ఉన్న ఎత్తురోడ్డు ఈ పరీక్షకు ఆధారం. ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీటు దాటి ఉండాలి. ఏ.సి. పూర్తిగా వేసి ఉండాలి. పూర్తి బరువుతో ఎక్కుతూ వేగం గంటకు 40 మైళ్ళకు తగ్గరాదు. డ్యూయలీకి 35 వరకు మినహాయింపు. నూటికి 12 వంతుల వాలు మీద ఆగి మళ్ళీ కదలగలగాలి. ముందుగా ఈ ప్రమాణానికి కట్టుబడినది అమెరికన్ కంపెనీ కాదు, జపాను టొయోటా. 2011 మోడలుకే ఒప్పుకుంది. మిగిలినవారు తరువాతి కొన్నేళ్ళలో ఒక్కొక్కరుగా దారికి వచ్చారు. ఆ సందర్భంలో కొన్ని బండ్ల లాగుడు అంకెలు తగ్గడం గమనార్హం. బండి మారలేదు, కుంచం మారింది.

తలుపు దగ్గరి చీటీ

కుంచం ఒకటే అయినా, ఆ పెద్ద అంకె చూసి కొనేవారు పొరపడే చోటు ఇంకొకటి ఉంది. ఇది మన రెండెడ్ల బండితో సులువుగా అర్థమవుతుంది. బస్తాలు మరీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది. మరీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడలను నలిపివేస్తుంది. ముందుకు కొంచెం మొగ్గు ఉండేటట్లు సర్దుకోవడం బండివాని నేర్పు.

ట్రెయిలరుకూ సరిగ్గా ఇదే సూత్రం. బంపరు దగ్గర తగిలించే బండి బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు పికప్పు మీద ఆనాలి. అంతకు తగ్గితే వెనక బండి పాములాగా అటూ ఇటూ ఊగుతుంది. వేగంలో ఆ ఊపు మొదలైతే రెండు బండ్లూ బోల్తా పడే ప్రమాదం ఉంది. తొట్టిలో తగిలించే బండి అయితే 15 నుంచి 25 వంతులు పికప్పు వెనక ఇరుసు మీద పడుతుంది. ఈ మోత బరువు లాగుడు అంకెలో కనిపించదు. డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద అంటించిన చీటీలో ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకు మించరాదని అందులో వ్రాసి ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పావు టన్ను డీజిలు పికప్పు ఒకటి ఉన్నదనుకుందాం. బండి, మోతతో కలిసి దాని గరిష్ఠ బరువు 10,000 పౌండ్లు. ఖాళీ బండి బరువు 7,700 పౌండ్లు. మిగిలినది 2,300. ఆ బండి 18,000 పౌండ్లు లాగుతుందని కంపెనీ పుస్తకంలో ఉన్నదనుకుందాం. కుటుంబం 14,000 పౌండ్ల ఇల్లు-బండి కొన్నది. నాలుగు వేల పౌండ్ల వెసులుబాటు ఉన్నదని సంతోషించారు. కాని అందులో 20 వంతులు, అంటే 2,800 పౌండ్లు తొట్టి మీద ఆనుతుంది. తగిలించే సామాను 200. నలుగురు మనుషులు 600. మొత్తం 3,600. చీటీ ఒప్పుకునేది 2,300. అంటే 1,300 పౌండ్లు, సుమారు 590 కిలోలు అదనం. ఇంజను ఈ బరువును నవ్వుతూ లాగుతుంది. నలిగేవి స్ప్రింగులు, టైర్లు, ఇరుసు, బ్రేకులు.

ఇంకో విచిత్రం ఉంది. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనుకంటె కొన్ని వందల పౌండ్లు ఎక్కువ తూగుతుంది. బండి గరిష్ఠ బరువు మారదు గనుక ఆ మేరకు మోత తగ్గుతుంది. అందువల్ల ముప్పావు టన్ను తరగతిలో బలమైన ఇంజను తీసుకున్నవాడికే మోసే శక్తి తక్కువయ్యే సందర్భాలున్నాయి. పై కుటుంబానికి కావలసింది మరింత పెద్ద ఇంజను కాదు. అదే ఇంజను ఉన్న ఒక టన్ను డ్యూయలీ. వెనక చక్రాలు రెండు ఎక్కువ, స్ప్రింగులు గట్టి, గరిష్ఠ బరువు 14,000 పౌండ్ల దరిదాపు ఉంటుంది.

ఎక్కడం కంటె దిగడం కష్టం

ఘాట్ రోడ్డు డ్రైవర్లకు తెలిసిన మరో సత్యం, ఎక్కేటప్పుడు ఇంజను ఓడిపోతే బండి ఆగుతుంది. దిగేటప్పుడు బ్రేకు ఓడిపోతే బండి ఆగదు. కొలరాడో రాష్ట్రపు కొండదారులలో బ్రేకులు పోయిన లారీలు దూసుకుపోయి ఆగడానికి కంకర పోసిన ప్రత్యేకమైన ఎగువ దారులే ఉన్నాయి.

పెట్రోలు ఇంజనుకు గాలి మూసే కవాటం ఉంటుంది గనుక యాక్సిలరేటరు వదలగానే కొంత పట్టు వస్తుంది. డీజిలుకు సహజంగా అది తక్కువ. అందుకే పొగ గొట్టాన్ని అదుపుచేసి ఇంజనును వెనక్కి పట్టే ఎగ్జాస్టు బ్రేకు అవసరమైంది. 2007లో వచ్చిన 6.7 లీటర్ల కమిన్స్ ఇంజనుతో రామ్ పికప్పులకు ఇది కంపెనీ నుంచే లభించింది. వెనక బండి బ్రేకులను ముందు బండి నుంచి నడిపే పరికరాన్ని ఫోర్డు 2005లో కంపెనీలోనే బిగించి ఇచ్చింది. అంతకుముందు దాన్ని విడిగా కొని తగిలించుకునేవారు. ప్రకటనల్లో పెద్దగా కనిపించని ఈ రెండు మార్పులే గృహస్థు ప్రాణాలకు ఎక్కువ మేలు చేశాయని చెప్పాలి.

ఎంచుకొనే వరస

ఈ చరిత్ర నుంచి ఎంపికకు ఒక వరస ఏర్పడుతున్నది. ముందు లాగవలసిన బండి నిండు బరువు తెలుసుకోవాలి. ఖాళీ బరువు కాదు, నీళ్ళు, సామాను, పశువులతో సహా. పబ్లిక్ కాటా మీద తూకం వేయించడం ఇంకా మంచిది. రెండవది, అందులో ఎంత ముందు బండి మీద ఆనుతుందో లెక్కవేసి, మనుషులను, సామానును కలిపి తలుపు దగ్గరి చీటీతో సరిచూడాలి. ఆ చీటీ ఒకే మోడలులో కూడా బండిబండికీ మారుతుంది గనుక కొనబోయే బండి తలుపే తెరిచి చూడాలి. మూడవది, దిగుడు దారిలో పట్టే బ్రేకుల ఏర్పాటు. నాలుగవది, రెండు బండ్లూ కలిపి మొత్తం బరువు. ఇది 26,000 పౌండ్లు దాటి, వెనక బండి 10,000 పౌండ్లకు మించినది అయి, వ్యాపారానికి వాడితే అక్కడ వాణిజ్య డ్రైవింగు లైసెన్సు కావాలి. ఇవన్నీ కుదిరిన తరువాతనే టార్కు, హార్స్ పవర్.

ఏడాదికి రెండుమూడు సార్లు మాత్రమే పడవ లాగేవారికి డీజిలే అవసరం లేదు. పెట్రోలు కంటె డీజిలు ఇంజనుకు పదివేల డాలర్ల దరిదాపు అదనపు ధర, యూరియా, ఫిల్టర్ల ఖర్చు ఉంటాయి. నిత్యం బరువు లాగేవారికి, కొండలు ఎక్కేవారికి ఆ సొమ్ము గిట్టుబాటు అవుతుంది. తక్కినవారికి ఆడంబరమే.

సంతలో ఎద్దులు కొనే పెద్దరైతు కొమ్ములు చూసి మురిసిపోయేవాడు కాదు. పళ్ళు లెక్కపెట్టి, గిట్టలు తట్టి చూసి, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి, అప్పుడు బేరమాడేవాడు. 45 ఏళ్ళు తిరిగి అమెరికా రైతు కూడా అక్కడికే చేరుకున్నాడు. టెక్సాస్‌లోనో, కాలిఫోర్నియాలోనో ఉన్న మన పిల్లలు గుర్రాల బండికో, ఇల్లు-బండికో పికప్పు కొనబోతున్నామని ఫోనులో చెబితే, ఏ కంపెనీ అని అడగటంకంటె తలుపు దగ్గరి చీటీ చదివావా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న వారి డబ్బును, అంతకంటె విలువైన మనవల క్షేమాన్ని కాపాడవచ్చు.